మామ చెప్పింది కొట్టెయ్

సెప్టెంబర్ 14
తమ్ముడు అక్కకి

కోపమొచ్చి కాదక్కా, ఫోన్‌లో నాకు మాటలు రావు, అందుకే మెసేజ్ పెడుతున్నా. చెప్పాలనుకున్నవన్నీ ఫోన్ పెట్టేశాక గుర్తొస్తాయి. రాస్తే ఎవరూ తొందర పెట్టరు. తప్పులుంటే సర్దుకుని చదువుకో. నేను ఐదో క్లాసు దగ్గర ఆగినవాడిని, నీకు తెలియంది కాదు.

నీ కొడుకు బాగున్నాడు. వాగుతున్నాడు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నోరు మూతపడదు. కింద సైకిల్ షాపాయన వాడికి రేడియో అని పేరు పెట్టాడు, ఇప్పుడు మెట్లెక్కే ప్రతివాళ్లూ అలాగే పిలుస్తున్నారు. వాడు కూడా ఆ పేరుతో పిలిస్తేనే పలుకుతున్నాడు.

హాస్టల్ స్కూలు పరీక్షకి పుస్తకం కొన్నాను. పాతదే. ముందు ఎవరో జవాబులకి పెన్సిల్ గుర్తులు పెట్టేశారు. లాండ్రీలో పని నుంచి వచ్చాక కూర్చుని రబ్బరుతో అన్నీ చెరిపాను, లేకపోతే వీడు చూసి చెప్పేస్తాడు. వెనక జవాబుల పేజీలు చించి బీరువా పైన పెట్టాను. కుర్చీ వేసుకున్నా వాడికి అందదు.

నువ్వేమో దగ్గరుండి చదివించు అన్నావు. నేను చదివించడమేంటక్కా. వాడిప్పుడు ఐదులో ఉన్నాడు, నేను ఆగింది కూడా అక్కడే. మొదటి రోజు వాడు రైలు వేగం ప్రశ్న పైకి చదివి నా మొహం చూశాడు. నాలుగు జవాబులుంటాయి, ఒకటే రైటు. ఏదో ఒకటి అనాలి కదా అని రెండోది అన్నాను. వాడు పడి పడి నవ్వాడు. ‘మామా, అంత స్పీడుగా పోతే అది రైలు కాదు, రాకెట్టు’ అన్నాడు. తర్వాత అది ఎందుకు తప్పో నాకు ఎక్కేదాకా చెప్పాడు. చెబుతూ చెబుతూ రైటు ఏదో వాడే కనుక్కున్నాడు.

ఇప్పుడు అదే మా పద్ధతి. వాడు పైకి చదువుతాడు, నేను ఒకటి చెప్తాను, ‘మామ చెప్పింది కొట్టెయ్’ అని వాడు దాన్ని అడ్డంగా గీసేస్తాడు. ఎందుకు కొట్టేశాడో నాకు చెప్తాడు. మిగిలిన మూడిట్లో వెతుక్కుంటాడు. నా వల్ల ఆ మాత్రం పని తగ్గింది కదా.

కింద నీళ్లు వదిలారు. బకెట్లు పట్టుకుని పోతున్నా.

సెప్టెంబర్ 18
అక్క తమ్ముడికి

ఒరేయ్, ఇంత పెద్ద మెసేజ్ నువ్వే రాశావా, వాడు చెబుతుంటే రాశావా? ఫోన్‌లో ఊ, ఆ తప్ప అననివాడివి. మళ్లీ మళ్లీ చదివాను. సొంత మనుషుల మాటలు విని ఎన్నాళ్లయిందో.

మీ పద్ధతి వినడానికి బాగుంది కానీ నాకు పూర్తిగా నమ్మకం లేదు. నీ తప్పులు వాడికి అంటుకోకుండా చూసుకో. సరదాగా ఉంది కదా అని ఆటలో పడిపోవద్దు. ఆ స్కూల్లో సీటొస్తే తిండి, బట్ట, చదువు, పడక, అన్నీ వాళ్లే చూసుకుంటారు. వాడు పెద్దవాడై బయటికి వచ్చేదాకా నాకు దిగులుండదు. రాకపోతే మాత్రం నాకు ఇంకో దారి కనపడట్లేదు. వాళ్ల నాన్న సంగతి నీకు చెప్పక్కర్లేదు, నేను కూడా ఎత్తను.

ఇక్కడ నేను చూసుకుంటున్న పెద్దామెకి మనుషులు గుర్తుండటం ఇంకా తగ్గింది. నన్ను వాళ్ల కూతురనుకుంటోంది. ‘ఎప్పుడొచ్చావే ఇంటికి’ అంటుంది. ‘ఇప్పుడే వచ్చానమ్మా’ అంటాను. కాసేపాగి మళ్లీ అడుగుతుంది. అలా రోజంతా నేను ఇంటికి వస్తూనే ఉంటాను. అసలు కూతురు నెలకోసారి వచ్చి, పక్కకి తీసుకెళ్లి మందులు సరిగ్గా వేస్తున్నావా అని అడిగి వెళ్లిపోతుంది. ఈ ఇంట్లో మనుషులకన్నా గదులెక్కువ.

వాడి గోళ్లు తియ్యి. పడుకునే ముందు మొహం కడిగించు. మంచయినా చెడయినా దాచకుండా రాయి.

పెద్దామె లేచినట్టుంది, మంచం కిర్రుమంటోంది.

అక్టోబర్ 12
తమ్ముడు అక్కకి

గోళ్లు తీశాను. మొహం కూడా కడిగిస్తున్నా, కానీ సబ్బు కంట్లో పడిందని మెట్లన్నిటికీ వినిపించేలా అరుస్తాడు. పక్క గది కుట్టుమిషన్ ఆంటీ తలుపు తీసి, ఏంటి బాబూ పిల్లాడిని కొడుతున్నావా అని అడిగింది. నేను కాదు అనేలోపు తలుపేసుకుంది.

దరఖాస్తు ఇచ్చేశాం. కిటికీ అవతల ఉన్నాయన ‘తల్లిదండ్రులు ఎవరొచ్చారు’ అన్నాడు. నేను నోరు తెరిచేలోపు రేడియో అందుకుని, ‘అమ్మ ఊళ్లో లేదు, నాన్న లెక్కలో లేడు, మామ ఉన్నాడు’ అన్నాడు. లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు చెవులు వేడెక్కిపోయాయి. పని మాత్రం అయిపోయింది.

లాండ్రీలో నన్ను ఇస్త్రీ నుంచి మడతల్లోకి మార్చారు. హోటల్ దుప్పట్లు మడతపెట్టడం ఇద్దరి పని. చెరో వైపు కొసలు పట్టుకుని దగ్గరికి రావాలి, మళ్లీ దూరం జరగాలి, మళ్లీ దగ్గరికి రావాలి. నాకు ఎదురుగా ఉండే అన్న మాట్లాడడు. నేనూ మాట్లాడను. రోజంతా ఒకరి మొహంలోకి ఒకరం వచ్చి వెనక్కి వెళ్లిపోతుంటాం. ఆయనకి పెళ్లయిందో లేదో కూడా నాకు తెలీదు.

మొన్న మూడుసార్లు మడిచిన దుప్పటికి చివరి మడత అంచున దారం పోగు వేలాడుతుంటే కత్తెర వేశాను. పోగుతో పాటు అంచు కూడా తెగింది. విప్పితే నాలుగు కన్నాలు. ఓనర్ దాన్ని వెలుతురుకి పట్టుకుని చూసి, ‘ఒక్క కత్తెరకి నాలుగు చేశావంటే నీ చేతిలో ఏదో విద్య ఉందిరా’ అన్నాడు. అందరూ నవ్వారు, ఎదురుగా ఉండే అన్న కూడా. ఆయన పళ్లు అప్పుడే చూశాను.

పుస్తకం సగం దాటింది. ఇంట్లో పెట్టుకునే పరీక్షల్లో వాడికి ఒకటో రెండో తప్పులు, అంతే. వచ్చే నెల ఇక్కడ కోచింగ్ మాస్టారు అచ్చం అసలు పరీక్షలాంటిది పెడతారంట, బయటి పిల్లలు కూడా రాయొచ్చు. తీసుకెళ్తా.

వాడు నా భుజం మీద గడ్డం పెట్టి చూస్తున్నాడు. వాడు చూస్తుంటే రాయలేను, ఆపేస్తున్నా.

నవంబర్ 10
తమ్ముడు అక్కకి

వాడు బాగానే ఉన్నాడు, ముందు అది చదువుకో. పరీక్ష పోయింది.

మాస్టారు బెంచీకి ఒక్కరిని కూర్చోబెట్టారు. నేను కిటికీ బయట నిలబడ్డా. గంట కొట్టగానే రేడియో మొదటి ప్రశ్న పైకి చదివాడు. పిల్లలందరూ తలెత్తారు. మాస్టారు ఊరుకోమన్నారు. కాసేపు ఊరుకుని మళ్లీ చదివాడు, ఈసారి చిన్నగా. చదివి కిటికీ వైపు తిరిగాడు, నేనేం చెప్తానా అని. నేను తల తిప్పేసుకున్నా. మూడోసారి చదివితే మాస్టారు వాడిని కాగితంతో సహా వరండాలో కూర్చోబెట్టారు. అక్కడ కూడా సగానికి పైగా ఖాళీ వదిలేశాడు.

అయ్యాక మాస్టారు నన్ను పిలిచారు. ‘తెలివి లేక కాదు. పక్కన ఇంకో గొంతు లేకపోతే వీడికి ఆలోచన కదలట్లేదు. అసలు హాల్లో ఇలా నోరు తెరిస్తే లేపి పంపేస్తారు’ అన్నారు. ఇంట్లో ఎవరు చెబుతారు వీడికి అని అడిగారు. ఎవరూ చెప్పరండీ అన్నాను.

బస్సులో వాడు నా చొక్కా అంచు గుప్పిట్లో పట్టుకుని పడుకున్నాడు. దిగేటప్పుడు లేపితే, ‘మామా, నువ్వు ఎందుకు అటు తిరిగావు’ అన్నాడు.

ఇంకెలా చదివించాలో తెలీట్లేదు. ఫోన్ చెయ్యొద్దు, రాయి.

నవంబర్ 13
అక్క తమ్ముడికి

ఫోన్ చెయ్యొద్దన్నావు, చేశాను. నీకు కాదు. నువ్వు పనిలో ఉండే వేళ చూసి కుట్టుమిషన్ ఆవిడ ఫోన్‌కి చేసి వాడితో మాట్లాడాను.

వాడు ఏమన్నాడో తెలుసా. ‘మామకి జవాబులు తెలుసమ్మా. కావాలనే తప్పు చెప్తాడు. నేను కనిపెట్టేశా’ అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

నిజమేనా? నిజమైతే ఎందుకురా? వాడు వెళ్లిపోతే ఆ గదిలో నీకు తోడుండదని నాకు తెలుసు. నీకు నాలుగు మాటలు మాట్లాడే స్నేహితుడు కూడా లేడని తెలుసు. అందుకని పిల్లాడి కాళ్లకి అడ్డం పడతావా? నేనిక్కడ పరాయి మనిషికి తల దువ్వి, ఒళ్లు తుడిచి, అమ్మా అని పిలుస్తూ పడి ఉన్నది ఎందుకనుకుంటున్నావు? ఇంకెవరి చేతిలో పెట్టినా ఇంత నిశ్చింతగా ఉండేదాన్ని కాదు. నీ చేతిలో పెట్టాను.

ఊ అనో ఆ అనో కాదు, సరిగ్గా జవాబు రాయి.

నవంబర్ 20
తమ్ముడు అక్కకి

రోజూ రాస్తున్నా, చెరిపేస్తున్నా. అందుకే లేటు.

నిజమే అక్కా. కావాలనే తప్పు చెప్పాను.

దుప్పటికి కన్నాలు పెట్టానని రాశాను కదా. ఆ సాయంత్రమే పుస్తకంలో కాగితం మడతల ప్రశ్న వచ్చింది. మూడుసార్లు మడిచి చివరి మడత అంచున కత్తిరిస్తే విప్పాక ఎన్ని కన్నాలు అని. పొద్దున్నే అంత తిట్టు తిన్నవాడిని, నాలుగు అని ఠక్కున అనేశాను. నేను రైటు చెప్పడం అదే మొదలు. వాడు అలవాటు కొద్దీ ‘మామ చెప్పింది కొట్టెయ్’ అని నాలుగుని గీసేశాడు. మిగిలిన మూడిట్లో వెతికాడు. మళ్లీ వెతికాడు. దొరకలేదు. చివరికి ఏడుపు. జవాబుల పేజీ దించి చూస్తే నాలుగే. ‘నువ్వెందుకు రైటు చెప్పావు, నీ మీద నమ్మకంతోనే కదా నేను కొట్టేసింది’ అని నన్ను గుద్దాడు.

అప్పట్నుంచి తెలిసినవి కూడా తెలియనట్టే ఉన్నాను. ప్రతిదీ వాడు అంత వివరంగా చెబుతుంటే నా బుర్రకి మాత్రం ఎక్కదా. భిన్నాలు వచ్చేశాయి. శాతాలు సగం వచ్చాయి. రైటు ఏదో లోపల పట్టుకుని, దాని పక్కనున్నది పైకి చెప్పాలి. మరీ దూరం తప్పు చెప్తే వాడు ఆలోచించకుండానే కొట్టేస్తాడు. నిజంగా తెలీనప్పుడు తప్పు చెప్పడమే తేలిక.

వాడిని ఆపాలని కాదు. నమ్మితే నమ్ము.

తోడు సంగతి రాశావు. మాస్టారు మార్కులు చెప్పినప్పుడు నాకు బాధ వెయ్యలేదక్కా. అది కూడా నిజం. బాధ వెయ్యలేదేంటా అని బస్సులో నాకు భయమేసింది. అంతకుమించి దాచిందేమీ లేదు.

పైకి చదవడం మాన్పిస్తా. ఎలాగో ఇంకా తెలీదు. దుప్పట్ల బండి హారన్ కొడుతోంది.

డిసెంబర్ 7
అక్క తమ్ముడికి

నీ మెసేజ్ చదివాను. నిన్ను అనకూడని మాట అన్నాననిపించింది. క్షమించు అని రాద్దామనుకుంటూ ఉండగానే కుట్టుమిషన్ ఆవిడ ఫోన్ చేసింది.

రోజూ సాయంత్రం పిల్లాడిని గదిలో పెట్టి తలుపు వేసి, నువ్వు మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో మునిగిపోతున్నావంట. నీలో నువ్వే నవ్వుకుంటున్నావంట. లోపల నుంచి వాడు మామా మామా అని పిలుస్తున్నా పలకవంట. ఎవరురా ఆ అమ్మాయి? నీకు పదిహేడేళ్లు, నవ్వుకోవద్దని నేనెందుకంటాను, నాకూ సంతోషమే. లాండ్రీలో పిల్లా? మాట్లాడటానికి నీకు నోరెలా వచ్చింది? కానీ ఈ నెలన్నర ఆగలేవా? పరీక్ష అయ్యాక ఎంతైనా నవ్వుకో, నేనే వచ్చి మాట్లాడతాను వాళ్లింట్లో.

పిల్లాడు పిలిస్తే పలకరా ముందు. చీకట్లో ఒక్కడే ఎంత బెదిరిపోయాడో ఏమో.

పెద్దామె ఈ మధ్య అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మింగడం మర్చిపోతోంది. పక్కన కూర్చుని మింగమ్మా మింగమ్మా అంటూ ఉండాలి. వెళ్తున్నా.

డిసెంబర్ 9
తమ్ముడు అక్కకి

అమ్మాయి లేదక్కా. ఆంటీకి చెప్పు.

నేను గదిలో ఉంటే వాడు నోరు తెరవకపోయినా నా మొహం చూస్తున్నాడు. ఒక్కో జవాబు మీద వేలు పెట్టి నా కళ్లలోకి చూస్తాడు. ఎక్కడ నా కనురెప్ప కొట్టుకుంటే అది రైటని కనిపెట్టేస్తాడు. గోడ వైపు తిరిగి కూర్చుంటే నా వీపు చూసి చెప్పేశాడు. అందుకని బయటికొచ్చేశా. లైటు వేసే ఉంటుంది, గడియ పెట్టను, తలుపు దగ్గరికి వేస్తానంతే.

మొదట్లో ప్రతి ప్రశ్నకీ తలుపు తీసేవాడు. తర్వాత తలుపు తియ్యకుండా లోపల్నుంచే పైకి చదివేవాడు. ‘మామా, ఉన్నావా’ అనేవాడు. నేను అక్కడే ఉన్నా, పలక్కుండా ఉన్నా. పలికితే మళ్లీ మొదటికి వస్తుంది. పలక్కుండా ఉండటం నాకు పుట్టుకతో వచ్చిందే అనుకునేవాడిని. వాడు పిలుస్తుంటే మాత్రం మెట్టు అంచు గట్టిగా పట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది.

ఫోన్‌లో ఉన్నవి పుస్తకం పేజీలు. వాడు రాసే పేజీకి ఫొటో తీసుకుని అవే లెక్కలు నేను బయట చేసుకుంటున్నా. కుదిరినప్పుడు నవ్వొస్తుంది, ఆంటీ చూసింది అదే. అయ్యాక లోపలికి వెళ్లి ఇద్దరివీ పక్కపక్కన పెట్టుకుంటాం. నిన్న వాడికి ఒక్క తప్పు. నాకు ఎన్నో చెప్పను.

నిన్న ఒక్కసారి కూడా పిలవలేదు. మధ్యలో నేనే తలుపు సందులోంచి చూశా. రాసుకుంటున్నాడు. పెదాలు కూడా కదలట్లేదు.

మెట్ల లైటు ఆరిపోతోంది, ఇంక కనపడదు.

జనవరి 18
తమ్ముడు అక్కకి

పరీక్ష అయిపోయింది. ఎలా రాశాడో నాకు తెలీదు, మార్చిలో చెబుతారు.

గేటు దగ్గర నాన్నలు, అమ్మలు, తాతలు, జనమే జనం. చివరి నిమిషం దాకా పిల్లల చెవుల్లో ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు. నాకేం చెప్పాలో తెలీక వాడి కాలరు సర్దాను. వాడు రెండో మాట లేకుండా లోపలికి వెళ్లిపోయాడు. బయట అందరూ ఏ కోచింగు, ఎన్నాళ్లు, ఎవరు మాస్టారు అని మాట్లాడుకుంటుంటే నేను గోడ వారగా జరిగాను. ఒకాయన మీ తమ్ముడా అని అడిగాడు. ఆ అన్నాను. అల్లుడు అంటే ఇంకా అడుగుతాడని.

బయటికి వచ్చాక బస్సెక్కేదాకా వాడు నోరు విప్పలేదు. పోయిందేమో అనుకున్నా. కిటికీ పక్కన కూర్చున్నాక తనే అన్నాడు, ‘ఒక్కసారి కూడా పైకి చదవలేదు మామా’ అని. మరి ఎలా రాశావురా అన్నాను. ‘లోపల నువ్వు తప్పు చెప్తూనే ఉన్నావు, నేను కొట్టేస్తూనే ఉన్నా’ అన్నాడు.

నేను బస్సు దిగేదాకా అటు పక్క చూస్తూ కూర్చున్నా. ఇవాళ్టికి ఇంతే.

జనవరి 26
అక్క తమ్ముడికి

వాడితో మూడుసార్లు మాట్లాడాను. అవును, కాదు, సరేనమ్మా. ఇంతకుమించి ఒక్క మాట పెగలట్లేదు. ఏం తిన్నావురా అంటే తిన్నానమ్మా అంటాడు. నాతో గంటలు గంటలు వాగేవాడు, ఫోన్ వేడెక్కిందమ్మా అయినా పెట్టెయ్యకు అనేవాడు. కుట్టుమిషన్ ఆవిడనడిగితే, ఒకప్పుడు అరుపులైనా వినపడేవి, ఇప్పుడు ఆ గదిలో మనుషులున్నారో లేదో కూడా తెలీదు అంది.

ఏం చేశావు వాడిని? కొట్టావా? సబ్బని, కళ్లని రాశావే, అప్పుడే అనుమానం రావాల్సింది నాకు. ఒట్టు పెట్టి చెప్పు.

ఇక్కడ పెద్దామె కూడా నన్ను పలకరించడం మానేసింది. ఇంటికెప్పుడొచ్చావే అని కూడా అడగట్లేదు. ఈ ఇంట్లో చప్పుడు లేదు, ఫోన్ తీస్తే అక్కడా చప్పుడు లేదు. నాకు పిచ్చెక్కేలా ఉంది.

జనవరి 27
తమ్ముడు అక్కకి

కొట్టలేదు. ఒట్టు.

మాట్లాడొద్దని నేనే నేర్పాను, అది నిజం. ఇప్పుడు మాట్లాడరా అంటే వాడికి రావట్లేదు. నిన్న సైకిల్ షాపాయన, ‘ఏరా రేడియో, బ్యాటరీలు అయిపోయాయా’ అన్నాడు. వాడు నవ్వి ఊరుకున్నాడు. నవ్వి ఊరుకునేది నేను కదక్కా, వాడు కాదు కదా.

‘మనసులో అనుకుంటే చాలు కదా మామా, పైకి ఎందుకు’ అంటాడు. నేను ఇన్నాళ్లూ చేసింది అదే.

అందుకని అన్నం తినేటప్పుడు నేనే మాట్లాడుతున్నా. నాకు రాదు, అయినా మొదలుపెట్టా. ఎదురుగా ఉండే అన్న సంగతులు చెబుతున్నా. ఆయన్ని ఇప్పుడు అడిగి తెలుసుకుంటున్నా, ఇంటికెళ్లాక చెప్పడానికి ఏదో ఒకటి కావాలి కదా. ఆయనకి పెళ్లయింది. కవల పిల్లలంట. ఒకరిని ఇంకొకరి పేరుతో పిలుస్తుంటాడంట. ఆ మాటకి రేడియో కాస్త నవ్వాడు. ఒక ప్రశ్న కూడా అడిగాడు.

నువ్వు కూడా వాడిని అడగడం మానేసి, నీ సంగతులు చెప్పు. పెద్దామెకి కూడా చెప్పు. వింటుందేమో. తలుపు దగ్గర వాడి చెప్పుల చప్పుడు.

మార్చి 23
తమ్ముడు అక్కకి

వచ్చింది అక్కా. సీటు.

మాస్టారు మెట్ల కింద నుంచే కేకేశారు. వరండాలో కూర్చోబెట్టింది ఈయనే. వాడిని ఎత్తుకుని ‘నా దగ్గరే ట్రైనింగు’ అని అందరికీ చెప్పారు. వాడు నా వైపు చూసి కన్ను కొట్టాడు. ఆంటీ వాడికి కొత్త చొక్కా కుడతానని కొలతలు తీసుకుంది. నన్ను కూడా చూసింది, ఏమీ అనలేదు, నాకు గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చింది.

ఇద్దరమే ఉన్నప్పుడు, ‘అక్కడ పక్కన ఎవరుంటారు మామా’ అన్నాడు. చాలామంది ఉంటారురా అన్నాను. ‘వాళ్లు తప్పు చెప్తారా’ అన్నాడు.

ఫోన్ వాడికే ఇస్తున్నా, నువ్వు చెయ్యి.

మార్చి 23
అక్క తమ్ముడికి

మాట్లాడాను. ఏడ్చింది నేనే, వాడు కాదు. నిన్ను ఎన్ని మాటలన్నానో అన్నీ గుర్తొచ్చాయి. ఏమనుకోకు.

పెద్దామె మంచం పక్కన కూర్చుని మా వాడికి సీటొచ్చిందమ్మా అని చెప్పాను. నా మొహం చూసి, ‘ఎవరి పిల్లాడు’ అంది. ఇన్ని నెలలకి నన్ను కూతురు కాదని గుర్తుపట్టింది కాబోలు. నా పిల్లాడమ్మా అన్నాను. అలా చెప్పి ఎన్నాళ్లయిందో.

జూన్ 14
తమ్ముడు అక్కకి

దింపేసి వచ్చాను.

బస్సు ఎక్కిన దగ్గర్నుంచి వాడు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎందుకో తెలీదు. కిటికీలో కనపడిన ప్రతి బోర్డూ పైకి చదివాడు. ముందు సీటాయన బట్టతల మీద చుట్టుకొలత లెక్క వేశాడు. నువ్వు పెద్దామె గురించి చెప్పినవన్నీ నాకు చెప్పాడు, మధ్యలో గొంతు మార్చి ఆమెలా కూడా మాట్లాడాడు. పరీక్షలో వచ్చిన ప్రశ్నలు ఒక్కొక్కటీ చెప్పి నా జవాబు అడిగాడు. నేను రైటు చెప్తే రైటే అన్నాడు, కొట్టెయ్యలేదు. కండక్టరు వచ్చి ఈ అబ్బాయికి టికెట్టు రెండు తీసుకోవాలి, ఇద్దరు పిల్లలంత మాట్లాడుతున్నాడు అన్నాడు. దిగేదాకా ఆపలేదు.

గేటు లోపలికి వెళ్లగానే ఆపేశాడు.

పడక గది పెద్దది. వరసగా ఇనప మంచాలు. వాడిది చివరిది, గోడ పక్కన. పెట్టె మంచం కిందకి తోశాను. దుప్పటి ఇద్దరం చెరో కొస పట్టుకుని మడిచి కాళ్ల దగ్గర పెట్టాం. వాడు దగ్గరికి వచ్చినప్పుడు ఏదో అంటాడనుకున్నా. అనలేదు. గంట మోగితే మిగతా పిల్లలతో లైన్లోకి వెళ్లిపోయాడు. లైన్లో మాట్లాడకూడదంట.

ఫోన్లు పెట్టుకోనివ్వరు. నెలకోసారి ఆదివారం వెళ్లి చూడొచ్చు.

రేపు పొద్దున్నే పని. పడుకుంటా.

జూన్ 17
అక్క తమ్ముడికి

వాడు వెళ్లిపోయాడంటే గుండె ఒక పక్క ఖాళీ, ఒక పక్క నిండుగా ఉంది. నువ్వు చేసింది ఏ మాస్టారూ చెయ్యలేదు. ఇక నీ భారం దిగిందిరా.

ఒక మాట చెప్తాను, కాదనకు. ఇంక ఆ గది ఎందుకు? ఒక్కడివే ఉంటావు, పలకరించే దిక్కు కూడా ఉండదు. నువ్వు అలా ఒంటరిగా గోడలు చూస్తూ కూర్చుంటావని తలుచుకుంటేనే నాకు అన్నం దిగట్లేదు. మీ లాండ్రీ పైన పనివాళ్లు పడుకునే గది ఉందన్నావు కదా, అక్కడైతే నలుగురు కుర్రాళ్లు తోడుంటారు, అద్దె కూడా ఉండదు. బీరువా, కుర్చీ కుట్టుమిషన్ ఆవిడకి ఇచ్చెయ్యి, మాట్లాడాను, తీసుకుంటానంది. నేను రావడానికి ఇంకా టైం పడుతుంది. పెద్దామె కూతురు ఇంకొన్నాళ్లు ఉండమని అడిగింది, సరే అన్నాను.

నెలాఖరుకి ఖాళీ చేసేస్తామని ఇంటాయనకి చెప్పెయ్యి. ఇదంతా నీ మంచికే చెప్తున్నాను.

జూన్ 21
తమ్ముడు అక్కకి

సరే అక్కా అని రాసి, పంపకుండా ఆగిపోయా.

లాండ్రీ పైన గది చూసొచ్చాను. బాయిలరు పైనే, నేల వెచ్చగా ఉంటుంది. నలుగురు ఉంటారు, మంచివాళ్లే. నాకు ఒక మూల చూపించారు. ఓనరు కూడా రమ్మన్నాడు. నువ్వన్నది నిజమే, ఇక్కడ పని నుంచి వచ్చాక తలుపు తీస్తే మనిషి అలికిడి లేదు. నిన్న ఒక్కడినే కూర్చుని అన్నం తింటూ ఎదురుగా ఉండే అన్న చెప్పిన సంగతి మొత్తం పైకి చెప్పేశాను. పక్కన ఆంటీ మిషన్ ఆపింది. సిగ్గేసి లైటు తీసేశా.

అది కాదు నేను రాయాలనుకున్నది.

వాడిని దింపిన రోజు నీకు ఒకటి రాయలేదు. హాస్టల్లో వార్డెన్ గారు అందరినీ వరసగా అడుగుతున్నారు, సెలవులిస్తే హాస్టల్ మూసేస్తాం, మీ పిల్లాడు ఎక్కడికి వెళ్తాడు అని. మా వంతు వచ్చింది. నేను నోరు తెరిచేలోపు మనవాడు అందుకున్నాడు. ‘సైకిల్ షాపు పైన సార్, మెట్లెక్కితే ఎడం పక్క తలుపు. గడియ ఉండదు, తోస్తే వచ్చేస్తుంది’ అన్నాడు. వార్డెన్ గారు నవ్వి, ఎవరుంటారురా అక్కడ అన్నారు. ‘మా ఇల్లు సార్’ అన్నాడు. ‘నేను అడిగినదానికి జవాబు అది కాదు కదా’ అన్నారాయన. వాడు నా వైపు చూశాడు. నేను అవునండీ, ఇల్లేనండీ అన్నాను.

నేను ఎక్కడైనా పడుకుంటా. నా సంగతి కాదు అడుగుతున్నది. ఇంటాయనకి ఖాళీ చేస్తామని చెప్పేస్తే, సెలవులిచ్చిన రోజు వాడు పెట్టె పట్టుకుని ఎక్కడికి రావాలక్కా?